టేపుకు ఇస్త్రీ

రిటైరయ్యాక నాకు ఫోన్లు చేసేవాళ్ళు రెండు రకాలు. మోకాళ్ళ నొప్పులకు నూనె అమ్మేవాళ్ళు ఒక రకం, పాత రేడియో గురించి అడిగేవాళ్ళు ఇంకో రకం. మొదటివాళ్ళతో విసుక్కోకుండా మాట్లాడగలను. రెండోవాళ్ళతోనే ఓపిక చాలదు. ఆ రోజులు ఎంత బాగుండేవో నా నోటితో వినాలి వాళ్ళకు. బాగుండేవో లేదో నాకు సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నవేమో చెప్పుకునేలా లేవు.

మొన్న ఫోన్ చేసిన అమ్మాయిది భూపాలపల్లి. తండ్రి బొగ్గుబావిలో పని చేస్తాడట. ఫోన్‌లో వినే కార్యక్రమం ఒకటి సొంతంగా నడుపుతోంది. మా రేడియోవాళ్ళం లోపల్లోపల వాడుకున్న మాటలు పోగుచేసి, దేనికి ఏమి అర్థం, ఎలా పుట్టింది అని వారానికొక మాట చెబుతుందట. జనగామలో ఈ ముసలాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. అడిగిన నాలుగు మాటలకూ చెప్పాను. చివర్లో, "ఇస్త్రీ అంటే ఏంది సార్? ఆ మాట ఎవలు పెట్టిన్రు?" అంది.

అర్థం చెప్పడం తేలికే. ఊళ్ళకు వెళ్ళి రికార్డు చేసుకొచ్చిన మాటల్లోంచి దగ్గులు, నసుగుళ్ళు, చెప్పిందే చెప్పడాలు కోసేసి టేపును ప్రసారానికి సాపు చెయ్యడాన్ని మేం ఇస్త్రీ అనేవాళ్ళం. అది పైకి చెప్పుకునే అర్థం. అసలు పని ఇంకొకటి. మా వైపు జనం మాట్లాడే తెలుగు రేడియోకు పనికిరాదని అప్పట్లో పెద్దల అభిప్రాయం. గిట్ల, గది, ఏంది, పోయినం, వచ్చినం అన్నవి వీలైనంత వరకు బ్లేడుతో కోసెయ్యాలి. కోస్తే మాట తెగిపోతుందనుకుంటే ఆ మనిషి గొంతు బాగా తగ్గించి, పైన అనౌన్సరు చేత "రైతు సోదరుడు ఏమంటున్నారంటే" అని చదివించాలి. ఆ చదివే అనౌన్సర్ని నేనే. "ఇస్త్రీ అయిందా", "దీనికి ముడతలు ఎక్కువున్నాయి", "ఇది రెండుసార్లు ఇస్త్రీ పడాలి" అని రోజంతా అనుకునేవాళ్ళం. బదిలీల మీద పోయినవాళ్ళు ఆ మాటను వేరే స్టేషన్లకు కూడా పట్టుకుపోయారు.

పుట్టుక దగ్గరికి వచ్చేసరికి, ముప్పై ఏళ్ళుగా అడిగినవాళ్ళందరికీ చెబుతున్న జవాబే ఆ అమ్మాయికీ చెప్పాను. యంత్రం మీద టేపు సాపుగా జారుతుంటే ఇస్త్రీపెట్టె కింద బట్టలా ఉండేదని, అందుకని ఆ పేరు వచ్చిందని, ఎవరన్నారో తెలియదని. అంతా అబద్ధం. ఎవరన్నారో నాకు తెలుసు. ఎవరిని అన్నారో కూడా తెలుసు. ఆ మాట పడ్డ మనిషి పోయిన వానకాలం చనిపోయాడు. కబురు అందినా నేను పోలేదు. మోకాళ్ళు నొప్పి అన్నాను. నొప్పి నిజమే, పోకపోవడానికి కారణం అది కాదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. స్టేషన్లో మేం ఆయన్ను పేరుతో పిలిచింది తక్కువ, ఇప్పుడు రాసి మర్యాద చేసినట్టు నటించలేను.

ఊరు బచ్చన్నపేట. తండ్రి, తాత ఊరి బట్టలు ఉతికినవాళ్ళు. ఆయన పది దాకా చదివి, ఎలాగో మా స్టేషన్లో టేపులు మోసే పనిలో చేరి, చూసి చూసి ఎడిటింగు నేర్చుకున్నాడు. నేను చేరేటప్పటికే ఆ గది ఆయనది. పసుపు పెన్సిలు చెవి మీద, సగం బ్లేడు పెదాల మధ్య, కోసిన టేపు ముక్కలు మెడ చుట్టూ. ఆ బ్లేడు అలా పెట్టుకునే మాట్లాడేవాడు. ఒక్కనాడు పెదవి తెగింది లేదు. టేపు చుట్టను చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పుతుంటే లోపలి మాట ఎద్దు మూలిగినట్టు సాగేది. ఆయన పెదాలు దానితోపాటే కదిలేవి. సరిగ్గా మాట మొదలయ్యే చోట పెన్సిలుతో గీత పెట్టి, బ్లేడు తీసి, ఏటవాలుగా ఒక్క కోత కోసేవాడు. అతికిన చోటు మళ్ళీ వెతుక్కుందామన్నా దొరికేది కాదు.

ఆయనకొక అలవాటుండేది. టేపు ఎక్కించగానే అందులో మాట్లాడేది ఎవరో వాళ్ళను పలకరించేవాడు. ముసలామె అయితే "రా అవ్వా, కూసో" అనేవాడు. రైతయితే "ఏందన్న, వానలెట్లున్నయి" అనేవాడు. పనైపోయి టేపు డబ్బాలో పెట్టేటప్పుడు "పోయిరా" అని పంపించేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది చూసి నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను. ఒకసారి మాత్రం అడిగాను, ఆ దగ్గు ఎందుకుంచావని. "ముసలామె దగ్గకపోతే ముసలామె అని ఎట్ల తెలుస్తది?" అన్నాడు. మాటలు కోసేవాడు గానీ ఊపిరి కోసేవాడు కాదు. సగం ఊపిరి దగ్గర కోస్తే వినేవాడికి ఛాతీలో పట్టేసినట్టుంటుందని ఆయన సిద్ధాంతం. నేను చదివిన వార్తల్లో కూడా ఎక్కడ ఊపిరి తప్పానో సాయంత్రం గేటు దగ్గర చెప్పేవాడు.

ఆఫీసులో నన్ను సార్ అనేవాడు. గేటు దాటి జీపెక్కితే తమ్మీ. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. ఇద్దరివీ పక్కపక్క ఊళ్ళే, ఇద్దరివీ ఒకే మాటలు. నేను మాత్రం ఆ మాటలను ఇంట్లో వదిలేసి, స్టేషన్లో మాటమాటకూ 'అండీ' తగిలించడం అప్పటికే నేర్చుకున్నాను. ఆయన నేర్చుకోలేదు. ప్రయత్నించినట్టు కూడా నేను చూడలేదు.

రికార్డింగులకు కలిసి తిరిగేవాళ్ళం. జనగామ చుట్టూ ఊళ్ళు, మానుకోట వైపు తండాలు, భూపాలపల్లి దాకా. కాగితాల మీద అది మహబూబాబాద్, కలెక్టర్ వచ్చింది తర్వాత, మాకప్పుడూ ఇప్పుడూ మానుకోటే. దంతాలపల్లి దగ్గర ఒక తండాకు, మిరప వేసే ఒకామెను మాట్లాడించడానికి పోయిన రోజు నాకు బాగా గుర్తు. ఇంట్లో లంబాడీ మాట్లాడుకునే మనిషి ఆమె, తెలుగు కూడా గడగడా మాట్లాడేది. మైకు చూడగానే బిగుసుకుపోయింది. రేడియోలో విన్న తెలుగు మాట్లాడాలనుకుని, "మేము మిరప పంటను పండించుచున్నాము" అంది. నేను బాగుంది బాగుంది అన్నాను. ఆయన మిషన్ ఆపేసి నేల మీద కూర్చున్నాడు. తొడిమ తీసేటప్పుడు చేతులు మండితే ఏం రాసుకుంటావక్కా అని అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మజ్జిగ అంది, ఆవు పెండ అంది, అత్త అంది, అత్త తిట్లంది. ఎప్పుడు మిషన్ మళ్ళీ పెట్టాడో నాకే తెలియలేదు. అయిపోయాక ఆమెకు అంతా వినిపించి, ఉంచాల్నా తీసెయ్యాల్నా అని అడిగాడు. ఎవరినైనా అలా అడగనిదే టేపు తెచ్చేవాడు కాదు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, అత్త తిట్లు మాత్రం తీసెయ్యమంది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో నేనడిగాను, ఇంత కష్టపడి తెచ్చిన మాటలు మళ్ళీ నువ్వే కోస్తావు కదా, బాధనిపించదా అని.

"నేను కోస్తె జరంతన్న మిగులుతది తమ్మీ. ఇంకెవలన్న కోస్తె ఏం మిగులది" అన్నాడు.

ఆ తర్వాత ఏడాదికి కోస్తా నుంచి కొత్త అధికారి వచ్చారు. చెడ్డమనిషి కాదు. పుస్తకాలు చదివినవాడు, పాటంటే ప్రాణం. మా మాట మాత్రం ఆయన చెవికి ఎక్కేది కాదు. నేనప్పటికి రోజుల లెక్కన పనిచేసే అనౌన్సర్ని. పర్మనెంటు చెయ్యడానికి నా కాగితం ఆయన బల్ల మీద ఉంది. ఇది ముందే చెప్పడం మంచిది, లేకపోతే తర్వాత చెప్పబోయేది అర్థం కాదు. అర్థమైనంత మాత్రాన క్షమించాలని కాదు.

ఒకరోజు టేకుమట్ల రైతు టేపు వచ్చింది. పత్తికి పురుగు పట్టి ఊరు ఊరంతా పరేషాన్‌లో ఉంది. ఆ రైతు చెప్పింది నూటికి నూరుపాళ్ళు పనికొచ్చే సంగతి, సాయంత్రం పోవాల్సిన కార్యక్రమం. అధికారి మా ఎడిటింగు గదిలోకే వచ్చి విన్నారు. వెనకాల ఇంకో ముగ్గురు నలుగురు. విని తల పట్టుకున్నారు. విషయం బాగుంది, ఈ భాష ఎలా పంపిస్తామయ్యా, అంతా ముడతలు ముడతలుగా ఉంది అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నాక్కూడా చోటు కావలసి వచ్చింది.

"భయమెందుకండీ, ఈయనకు కులవిద్యే కదండీ. ఇస్త్రీ చేసి ఇచ్చేస్తారు" అన్నాను.

అధికారి పగలబడి నవ్వారు. గదంతా నవ్వింది. అంతకుముందు ఆయన నా వైపు చూసి అలా నవ్వలేదు.

టేపు ముందున్న మనిషి పెదాల మధ్య నుంచి బ్లేడు తీసి బల్ల మీద పెట్టాడు. అధికారిని చూడలేదు. నన్ను చూశాడు. కోపంగా కూడా చూడలేదు, ఎవరో తెలిసిన మనిషిలా ఉన్నాడే అని పోల్చుకుంటున్నట్టు చూశాడు. తర్వాత, "సాయంత్రం తీస్కపోండ్రి సార్" అన్నాడు. బట్టలు ఇచ్చిపోయేవాళ్ళతో వాళ్ళ నాయన అనే మాట అదేనని తెలియనివాళ్ళు ఆ గదిలో లేరు. ఇంకా గట్టిగా నవ్వారు. ఆయన కూడా మాతో కలిసిపోయాడనుకున్నారు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

సాయంత్రం టేపు ఇచ్చాడు. అంత మంచి పని నేను మళ్ళీ వినలేదు. రైతు మాట రైతు మాటలాగే ఉంది, అధికారి పట్టుకోవడానికి ఒక్క ముడతా లేదు. మర్నాటి నుంచి స్టేషన్లో ఇస్త్రీ అనే మాట మొదలైంది. ఆయనా వాడాడు, మాలాగే, నవ్వుతూ. నెలలోపు ఆయన పేరు పోయి ఇస్త్రీ అన్న అయ్యాడు. నా కాగితం మీద సంతకం పడింది.

జీపు ప్రయాణాలు తర్వాత కూడా సాగాయి. మిరప, పత్తి, బావులు, కరువు, అన్నీ మాట్లాడుకున్నాం. గేటు దాటాక కూడా సార్ అనే అన్నాడు. తమ్మీ అని మళ్ళీ పిలవలేదు. మొదట్లో మర్చిపోయాడేమో అనుకున్నాను. రెండుమూడుసార్లు ఆయన్ను అన్నా అని పిలిచి చూశాను. "చెప్పండ్రి సార్" అన్నాడు.

క్షమాపణ చెప్పుకోవడానికి ఒకే స్టేషన్లో దాదాపు ఇరవయ్యేళ్ళు ఉన్నాయి నాకు. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. తర్వాత, ఆయనే మర్చిపోయాడు నేనెందుకు గుర్తుచెయ్యాలి అనుకున్నాను. మనసుకు సర్దిచెప్పుకోవడంలో నాకు మంచి ప్రావీణ్యం ఉంది. ఆయన రిటైరైన రోజు అందరం కలిసి బహుమతి కొన్నాం. ఏం కొనాలో ఎవరూ ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది. ఇస్త్రీపెట్టె. సభ నడిపింది నేనే, రంగు కాగితం చుట్టి చేతికిచ్చిందీ నేనే. కాగితం మడత చెడకుండా విప్పాడు, చూశాడు, అందరికీ దండం పెట్టాడు. ఒక్క ముక్క మాట్లాడమంటే, మాట్లాడితే మళ్ళీ మీకే పని పెట్టినట్టైతది అన్నాడు. చప్పట్లు కొట్టాం. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. అంతే, మర్నాడు సయించింది.

భూపాలపల్లి అమ్మాయి వారం తర్వాత మళ్ళీ ఫోన్ చేసింది. హుషారుగా ఉంది. ఇస్త్రీ అన్న అని పిలిచే మనిషి ఒకాయన ఉండేవాడని ఇంకెవరో చెప్పారట. ఆయన బిడ్డ బచ్చన్నపేటలో అంగన్‌వాడీ టీచరట. ఆదివారం పోయి ఆమెను మాట్లాడిస్తానని, నేను చెప్పిన జవాబు కూడా ఆమెకు వినిపిస్తానని అంది. సరేనమ్మా అన్నాను. ముప్పై ఏళ్ళు అందరికీ చెప్పిన అబద్ధం వేరు, ఆయన కూతురికి నా గొంతుతో వినిపించే అబద్ధం వేరు. పైగా ఆమెకు నిజం తెలిసి ఉంటే? ఇంట్లో చెప్పుకుని ఉండడా?

శనివారం పొద్దున్నే జనగామ బస్టాండుకు పోయి బచ్చన్నపేట బస్సెక్కాను. పత్తి ఏరే రోజులు. బస్సు నిండా కూలికి పోయే ఆడవాళ్ళు, ఒడి సంచులు. ఒకామె లేచి నాకు సీటిచ్చింది. దారి పొడుగునా ఎలా చెప్పాలో నాలుగైదు రకాలుగా కూర్చుకున్నాను. ప్రతిదాంట్లో నా తప్పు కొంచెం చిన్నదవుతోంది. దిగేసరికి అలసిపోయి అన్నీ వదిలేశాను.

ఇల్లు అడిగితే చూపించారు. ఆమెకు నలభై దాటి ఉంటాయి. తండ్రి ముఖమే. నేనెవరో చెప్పగానే, "మీరా సార్, మా బాపు మీ గొంతును మస్తు మెచ్చుకునేటోడు" అని కుర్చీ తుడిచి వేసింది, వద్దంటున్నా టీ పెట్టింది. ఆ మెచ్చుకోలు వినడం నాకు తిట్టుకన్నా కష్టమైంది. టీ తాగకుండానే చెప్పేశాను. ఎక్కడ, ఎవరి ముందు, ఏమన్నాను, ఎందుకన్నాను. మీ నాన్న బతికుండగా చెప్పుకోలేకపోయానని, తప్పైందని చెప్పాను.

ఆమె తలుపు చెక్క పట్టుకుని నిలబడి విన్నది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"బాపు మాకు గిట్ల చెప్పలే సార్" అంది. "ఆ మాట తనే పెట్టిన అన్నడు."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మా బడిల పిల్లలు కులం పేరు పెట్టి ఎక్కిరిస్తుండె. నేను బడికి పోనని ఏడిస్తే బాపు గీ ముచ్చటనే చెప్పేటోడు. మన పని పేరు నేను తీస్కపోయి రేడియోల పెట్టిన బిడ్డా, గంత పెద్దపెద్దోళ్ళు గూడ అదే మాట అంటున్నరు, నువ్వెందుకు సిగ్గుపడుతవు అని. గది వినుకుంటనే సదువుకున్న. మా అంగన్‌వాడీ పిల్లలకు గూడ చెప్తుంట, మా బాపు రేడియోల ఒక మాట పెట్టిండని."

టీ మీద మీగడ కట్టింది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా బరువు దించుకుందామని వచ్చి, ఆయన పిల్లలకు మాట తగలకుండా అడ్డం పెట్టిన గోడను పడగొట్టాను. అది గోడ అని కూడా నాకు తెలియదు. నా నోటి నుంచి పడ్డ మాటను ఆయన ఇంటికి మోసుకుపోయి, పిల్లల చేతికి ఇవ్వదగ్గ మాటగా చేసి ఇచ్చాడు. ఇన్నేళ్ళూ నేనే సిగ్గుతో బతుకుతున్నానని అనుకున్నాను.

నోరు పెగుల్చుకుని ఒక మాటన్నాను. నిజం తెలిసినవాళ్ళు ఇంకెవరూ బతికిలేరు, రేపు ఆ అమ్మాయి వస్తే మీ నాన్నే పెట్టాడని చెబుదాం, నేను కూడా అదే చెబుతాను అన్నాను. అందరికీ మంచిదనిపించింది. ఆయనకు దక్కాల్సిన గౌరవం దక్కుతుంది, ఆమె పిల్లలకు చెప్పింది నిలబడుతుంది. నా పేరు ఎక్కడా రాదన్నది కూడా అందులో ఉంది, కాదనను.

బయట ఎవరో పిలిస్తే ఆమె మళ్ళీ రమ్మని పంపించింది.

"వద్దు సార్" అంది. "బాపు మా కోసం అబద్ధమాడిండు. మీరు మీ కోసం ఆడిన్రు. రెండిటిని ఒక్కదాన్ల కలపొద్దు."

ఆదివారం దాకా ఆగనక్కర్లేదని, ఇప్పుడే తన ముందే చెప్పమని అడిగింది. అడిగినట్టు కూడా లేదు, పని అప్పజెప్పినట్టుంది. భూపాలపల్లికి ఫోన్ కలిపాను. రికార్డు చేసుకో అమ్మా అన్నాను. ముందు చెప్పింది అబద్ధమని చెప్పాను. టేకుమట్ల రైతు సంగతి, గదిలో నవ్వుల సంగతి, నా కాగితం సంగతి చెప్పాను. ఆ అమ్మాయి గొంతు తగ్గింది. మరి ఆ మాట అన్నదెవరు సార్ అని అడిగింది.

నేనే అన్నాను. ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాను.

తలుపు దగ్గర నిలబడ్డ మనిషి అది వినేదాకా ఉంది. తర్వాత చల్లారిన టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. కాసేపు కూర్చుని, చెప్పిపోవడానికి ఎవరూ లేక, లేచి వచ్చేశాను.